అటక మీద వెలుగు

రాజరాజేశ్వరికి దేనికి భయమని అడిగితే చెప్పడం కష్టం. దేనికి భయం లేదో అడగండి, ఒక్క ముక్కలో చెప్తాను. అలాంటిది ఏదీ లేదు. గ్యాస్ పొయ్యి కట్టేశాక రెగ్యులేటరు తిప్పేది, తిప్పిందో లేదోనని మళ్ళీ వచ్చి చూసేది, మంచం ఎక్కాక మళ్ళీ లేచి వచ్చి చూసేది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పక్కనుంచి వెళ్ళాలంటే కొంగు తల మీద కప్పుకుని గబగబా నడిచేది, ఆ కొంగేదో కరెంటుని ఆపేస్తుందన్నట్టు. యానాం వెళ్ళే బస్సు వంతెన ఎక్కితే కళ్ళు మూసుకునేది. మూసుకున్నాక ఏం జరుగుతోందో తెలియదు కాబట్టి మళ్ళీ తెరిచేది. ఆవిడతో ప్రయాణం చెయ్యడమంటే నాకు తలనొప్పి.

నేను ఎదురింటిదాన్ని, శ్యామలాంబని. ఎలిమెంటరీ స్కూల్లో ఎక్కాలు చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. నా గొంతు లేస్తే వీధి మొదట్లో కిళ్ళీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా ఇటు తిరిగి చూస్తారు. నా నోరు మంచిది కాదని వెనకాల అనుకుంటారు. అనుకోనివ్వండి, నా ముందు అనమనండి చూద్దాం.

ఇక ఆవిడ సంగతి. భయమేస్తే ఎవరికైనా గొంతు లేస్తుంది. ఆవిడకి దిగిపోతుంది. ఎంత భయమేస్తే అంత నెమ్మదిగా మాట్లాడుతుంది. ఒకసారి మా గుమ్మంలోకి వచ్చి, "అక్కయ్యగారూ, కాస్త ఒకసారి ఇలా వస్తారా" అంది, కాఫీపొడి అరువు అడిగినట్టు. నేను చారు పోపు పెట్టుకుని, చేతులు కడుక్కుని, తీరిగ్గా వెళ్ళాను. చూస్తే వాళ్ళ దొడ్లో నూతి గట్టు మీద త్రాచుపాము. ఇంత గొంతు పెట్టుకుని నేను చచ్చానేమిటి, ఒక్క కేక వెయ్యలేవా అని ఆ రోజు ఆవిడని కడిగిపారేశాను. ఆవిడ తల దించుకుని వింది, కేక రాదండీ అని మాత్రం అంది.

ఎందుకు రాదో నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆవిడ పుట్టిల్లు పిఠాపురం. ఓ కార్తీక మాసంలో ఇద్దరం కుక్కుటేశ్వరుడి దర్శనానికి వెళ్ళాం. గుడి నుంచి తిరిగి వస్తూ ఒక వీధి మలుపులో ఆగిపోయింది. రెండిళ్ళ మధ్య ఖాళీ జాగా ఉంది, పిచ్చిమొక్కలు మొలిచి ఉన్నాయి. చిన్నప్పుడు అక్కడ తన స్నేహితురాలి ఇల్లు ఉండేదట. ఆ ఇంట్లోవాళ్ళు ఏటా దీపావళికి సిసింద్రీలు చుట్టి అమ్మేవారట. మందు చేటల్లో పోసి అరుగు మీద ఆరబెట్టేవారు. ఆ పిల్ల వెలిగించిన మతాబు పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ ఆ అరుగు దగ్గరికి వస్తోంది. ఎదురింటి గుమ్మంలో నిలబడి ఉన్న ఈవిడ అది చూసి ప్రాణం పెట్టి కేక వేసింది. ఆ కేకకి ఆ పిల్ల ఉలిక్కిపడి చేతిలో మతాబు వదిలేసింది. ఎక్కడ వదిలిందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. బస్సు ఎక్కాక నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.

అలాంటి మనిషి మా గానుగల వీధికి కోడలై వచ్చింది. ఆ మాటకొస్తే, ఆ ఖర్మ ఎవరికీ రాకూడదు. మా వీధిలో గానుగలు ఎప్పుడో పోయాయి. కిరాణా కొట్లు, పసుపూ కుంకాల కొట్లు, బట్టల కొట్లు మిగిలాయి. అన్నీ పెంకుటిళ్ళు, గోడకి గోడ ఆనించి కట్టినవి. ఇక్కడ తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అంటారు. దసరా దాటిందంటే ఈ కొట్లన్నీ మందుగుండు కొట్లయిపోయేవి. అరుగుల మీద పరిచి అమ్మేవారు, మిగతా సరుకు ఇళ్ళల్లో పెట్టుకునేవారు. మంచాల కింద తారాజువ్వల కట్టలు, బియ్యం బస్తాల వెనక చిచ్చుబుడ్ల పెట్టెలు. ఆ ఇరవై రోజులూ రాజరాజేశ్వరి నిద్రపోయేది కాదు. పొద్దున్నే కళ్ళు ఎర్రగా ఉండేవి.

ఆవిడ భర్త చంద్రరావు ఆ వ్యాపారం చెయ్యడు, కిరాణా తప్ప ఇంకో దాని జోలికి పోడు. చేసేది ఆయన తమ్ముడు గణేష్‌బాబు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు. వాళ్ళమ్మ పోయాక నిలువునా రెండు చేసుకున్నారు. వంటిల్లున్న సగం అన్నకి వచ్చింది, తమ్ముడు తన సగంలో వసారా మూయించి కొత్త వంటిల్లు చేసుకున్నాడు. మధ్యలో గోడ కట్టారు. ఆ గోడ అటక దాకా కట్టి ఆపేశారు. అటక మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి పెద్ద దూలాలు ఉన్నాయి, వాటిని కోస్తే కప్పు దిగిపోతుందని తాపీమేస్త్రి పెద్దిరాజు చేతులెత్తేశాడు. అంచేత కింద రెండిళ్ళు, పైన మాత్రం అటక ఒక్కటే. ఎవరి వైపు నుంచి వాళ్ళకి ఒక నిచ్చెన.

ఆ అటక మీద ఒక ఇత్తడి గుండిగ ఉండేది. పెళ్ళిళ్ళకి పాయసం కాచేది, లోపల ఓ చిన్నపిల్ల కూర్చోవచ్చు. అది నాదంటే నాదని అన్నదమ్ములు పంపకాల రోజు మాటా మాటా అనుకున్నారు. అనకూడని మాటలు కూడా అనుకున్నారు, నేను వీధిలో నిలబడి విన్నాను. చివరికి ఎవరికీ దక్కకుండా అది అటక మీదే ఉండిపోయింది. ఆనాటి నుంచి ఆ రెండిళ్ళకీ మాటల్లేవు. గణేష్‌బాబు కూతురు దేవిశ్రీ అప్పటికి పాకే పిల్ల. ఆ పిల్ల నడక నేర్చి, బడికి వెళ్ళే వయసుకి వచ్చినా, పెద్దమ్మ ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్ళిపోయేది. చిన్నపిల్లకి అలా నేర్పినందుకు నాకు ఒళ్ళు మండిపోయేది. రాజరాజేశ్వరి మాత్రం ఆ పిల్ల వీధి దాటుతుంటే లారీలేమైనా వస్తున్నాయేమోనని గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

పెద్ద తుఫాను వెళ్ళిన రెండేళ్ళకి, ఎక్కడో పక్క జిల్లాలో ఒక మందుగుండు కొట్టు అంటుకుని ఇళ్ళకి ఇళ్ళు కాలిపోయాయని పేపర్లో ఫొటో వచ్చింది. అది చూసిన రోజు ఆవిడ అన్నం తినలేదు. మర్నాడు సాయంత్రం చీర మార్చుకుని, బొట్టు దిద్దుకుని బయల్దేరింది. ఎక్కడికి అన్నాను. ప్రతి ఇంటికీ అంది. ఈ సరుకు ఇళ్ళల్లోంచి తీయించేద్దామండీ, నేను ఇంకో దీపావళి ఇలా ఉండలేను అంది. నాకు నవ్వొచ్చింది. బల్లిని చూసి బయటికి పరిగెత్తే మనిషి షావుకార్లతో తలపడుతుందా అనుకున్నాను. అనుకుని చెప్పులేసుకుని వెంట వెళ్ళాను, ఇంకేం చెయ్యను.

ఆవిడ వాదించేది కాదు. అరుగు మీద కూర్చునేది, లేచేది కాదు. చెప్పేది కూడా చాలా నెమ్మదిగా చెప్పేది. ఏమిటమ్మా అని అవతలివాళ్ళు వంగి వినాల్సి వచ్చేది. వంగితే ఆవిడ మొహం దగ్గరగా కనిపించేది, ఆ కళ్ళు కనిపించేవి. ఆ కళ్ళు చూశాక ఆ ఇంటి ఆడవాళ్ళకి ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. వాళ్ళు మగవాళ్ళని పడుకోనిచ్చేవారు కాదు. వినాయక చవితి వెళ్ళేసరికి మా వీధిలో సగం మంది మంచాల కింద చూసుకుని పడుకుంటున్నారు.

వర్తక సంఘం ప్రెసిడెంటు గున్నేశ్వరరావు గారు మాత్రం ఎగతాళి చేశారు. తాతల నాటి నుంచి అమ్ముతున్నాం, ఎప్పుడైనా ఏమైనా అయిందా, ఏమీ లేని చోట మీరు పిల్లల్ని హడలగొడుతున్నారు అన్నారు. ఆవిడ ఏదో అంది. ఆయనకి వినబడలేదు. కుర్చీలోంచి ముందుకి వంగారు.

"అయ్యాక చెప్పడానికి మనం ఉండమండి," అంది ఆవిడ.

లోపల ఆయన మనవరాలు హారతి పాటలు నేర్చుకుంటోంది, ఆ పాట వింటూ కూర్చున్నారు. మర్నాడు ఆయనే మున్సిపల్ ఆఫీసుకి బయల్దేరారు. అక్కడ ఒక నెల తిప్పారు. నేను అరిచిన అరుపులు ఆ ఆఫీసు గోడలకి ఇంకా అంటుకునే ఉంటాయి. మొత్తానికి హైస్కూలు గ్రౌండులో రేకుల కొట్లు వేసుకోవడానికి ఒప్పుకున్నారు. కొట్టుకీ కొట్టుకీ మధ్య ఎడం, నీళ్ళ డ్రమ్ములు, ఇసుక బకెట్లు. దసరా వెళ్ళాక వర్తకులందరూ రామాలయంలో దీపం ముందు నిలబడి, ఇంట్లో చిటికెడు మందు కూడా లేదని ఒక్కొక్కరే చెప్పారు. గణేష్‌బాబూ చెప్పాడు. అక్కడే ఆవిడకి శాలువా కప్పారు. ఆవిడ దాన్ని గబుక్కున తీసి మడిచి చంకలో పెట్టుకుంది. అది నైలాన్ శాలువా అట, దీపం దగ్గరగా ఉందట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నరక చతుర్దశి ముందురోజు సాయంత్రం. ఈసారి నిద్రపోతానండీ అక్కయ్యగారూ అని చెప్పి, సంతోషంతో వీధిలో అందరికీ బూరెలు పంచుతానంది. నేను సాయానికి వెళ్ళాను. చంద్రరావు కొట్లో ఉన్నాడు. పొయ్యి మీద నూనె మూకుడు కాగుతోంది. ఆవిడ పూర్ణం ఉండలు చేస్తోంది, నేను తోపు పిండిలో ముంచి నూనెలో వేస్తున్నాను. బయట ముసురు. ఆ నెలలో మా వైపు ఎప్పుడూ ముసురే, ఉప్పు కూడా నీరు కారుతుంది.

తెల్లటి తోపు పిండి మీద నల్లగా ఏదో పడింది. మసి అనుకుని వేలితో తీసేశాను. మళ్ళీ పడింది, ఈసారి చిటికెడు. ఏమిటే రాజేశ్వరీ, అటక దులిపించలేదా, బూరెల్లో బూజు పడుతోంది అన్నాను. పైన బల్లలు కిర్రుమన్నాయి. ఎలకలు అనుకున్నాను. ఆవిడ ఆ నలుపుని వేలికి అద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

మనిషి మొహంలో నెత్తురు అలా దిగిపోవడం నేను ఇంతకు ముందు చూడలేదు. చెయ్యి చాచి పొయ్యి కట్టేసింది. సిలిండరు కట్టేసింది. కాగుతున్న మూకుడు మీద పళ్ళెం మూతపెట్టింది. "గంధకం," అంది, పెదవులు మాత్రమే కదిలాయి.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు కరెంటు పోయింది.

చీకట్లో పైకి చూశాను. మా ఇళ్ళల్లో అటకలు తాటి బల్లలవి, బల్లకీ బల్లకీ మధ్య సందులుంటాయి. ఆ సందుల్లో పసుపు పచ్చటి గీతలు కనబడ్డాయి. అవి కదులుతున్నాయి. ఎవరో దీపం పట్టుకుని మా నెత్తి మీద అటక మీద పాకుతున్నారు. పాకినప్పుడల్లా ఆ సందుల్లోంచి మందు రాలుతోంది, నా జుట్టులో, నా భుజాల మీద. బళ్ళో అరిచిన గొంతు కదా, దానంతటదే లేవబోయింది.

పిండి చెయ్యి వచ్చి నా నోరు మూసేసింది. గట్టిగా మూసింది, పళ్ళకి తగిలేలాగా. చెవిలో, "అరిస్తే చేతిలోది వదిలేస్తారు," అంది.

నిచ్చెన మూలన ఉంది. దాన్ని అటక కంత దగ్గరికి ఇద్దరం మోసుకొచ్చాం, చప్పుడు కాకుండా. నేను ఎక్కుతానన్నట్టు సైగ చేశాను కానీ నా మోకాళ్ళు నాకు తెలుసు, నా గొంతు నాకు తెలుసు. ఆవిడే ఎక్కింది. కుర్చీ ఎక్కి గడియారానికి కీ ఇవ్వడానికి కూడా భయపడే మనిషి. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆవిడ పాదాలు నా మొహం ముందు గడగడా వణుకుతున్నాయి, ఆ వణుకుకి నిచ్చెన వణుకుతోంది. తల కంతలోంచి పైకి వెళ్ళింది.

ఆవిడ ఏం చూసిందో తర్వాత చెప్పింది. అటక నిండా గోనె సంచులు. ఒక సంచిని ఎలకలు కొరికేశాయి, మందు బల్లల మీద పరుచుకుపోయి ఉంది. దాని మధ్యలో దేవిశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో కొబ్బరి చిప్ప, చిప్పలో వెలుగుతున్న కొవ్వొత్తి. రెండో చేత్తో సంచుల వెనక వెతుకుతోంది. ఆ పిల్ల ఒంగినప్పుడల్లా మంట సంచి వైపు ఒరుగుతోంది.

"దేవీ," అంది రాజరాజేశ్వరి. నిద్రలో ఉన్న పిల్లని పలకరించినట్టు.

పైన వెలుగు ఆగింది.

"ప్రమిదల బుట్ట కోసం వచ్చావా అమ్మా?"

ఆ పిల్ల గొంతు వినిపించింది.

"మీతో మాట్లాడద్దన్నారు నాన్న."

దేవుడా, ఈ పిల్ల ఇప్పుడు తల తిప్పుకుని వెళ్ళిపోతుందా, వీధిలో వెళ్ళిపోయినట్టు. ఆ గుడ్డి దీపంతో, ఆ మందులోంచి, గౌను ఈడ్చుకుంటూ. ఈ వీధి, పక్క వీధి, మేమందరం ఆ చిప్పలో ఉన్నాం.

"మాట్లాడకమ్మా. నాన్న చెప్పినట్టే చెయ్యి. నేను మాట్లాడతాను, నువ్వు విను చాలు," అంది ఆవిడ. "నువ్వు కదలకు. చిప్ప కూడా కదపకు. నీ ఎడం పక్కన పెద్ద ఇత్తడి గుండిగ ఉంది చూడు. ఉందా?"

పైన బల్ల కిర్రుమంది.

"అది మాది," అంది ఆ పిల్ల.

"అవునమ్మా. మీదే," అంది రాజరాజేశ్వరి. "మీది కాబట్టి నువ్వే ముట్టుకోవాలి. ఆ చిప్పని మెల్లగా దాంట్లో దించు. అడుగున ఆనిందా? ఆనాక చెయ్యి తియ్యి. ఇప్పుడు పక్కన మూత ఉంటుంది. రెండు చేతులతో ఎత్తు. బరువుగా ఉంటుంది, తొందర లేదు. దాని మీద పెట్టెయ్."

ఇత్తడి మీద ఇత్తడి ఆనిన చప్పుడు వచ్చింది. సందుల్లో గీతలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. చీకటిని అంతగా నేను ఎప్పుడూ ఇష్టపడలేదు.

ఆ పిల్లకి మాత్రం అప్పుడే భయమేసింది. "పెద్దమ్మా, ఏమీ కనబడట్లేదు," అని ఏడుపు మొదలుపెట్టింది. నా గొంతు వినబడుతోంది కదా, ఇటే పాకు తల్లీ, నేను ఇక్కడే ఉన్నాను అంటూ ఆవిడ ఆగకుండా మాట్లాడుతోంది. అంతలో గోడ అవతల నుంచి ఆ పిల్ల తల్లి సంపూర్ణ కేకేసింది. ఏమయిందే, ఎందుకేడుస్తున్నావు, ఉండు దీపం తెస్తున్నాను అంది. అగ్గిపెట్టె కోసం డబ్బాలు కదిపిన చప్పుడు గోడలోంచి నాకు వినిపించింది. సంపూర్ణకి అటక మీద ఏముందో తెలియదు పాపం.

నిచ్చెన మీద నుంచి రాజరాజేశ్వరి కిందికి వంగింది.

"అక్కయ్యగారూ, ఇప్పుడు అరవండి."

అరిచాను. బళ్ళో అరిచినదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. సంపూర్ణా, అగ్గిపుల్ల గియ్యకు, అటక మీద మందు ఉంది, గీశావంటే అందరం పోతాం అని గోడ పగిలేలా అరిచాను. గోడ అవతల డబ్బా కింద పడింది. ఆ తర్వాత చప్పుడు లేదు. నేను వీధిలోకి పరిగెత్తి మళ్ళీ అరిచాను. ఎవరూ దీపం వెలిగించొద్దు, చుట్ట కాల్చొద్దు, పొయ్యిలు ఆర్పండి అన్నాను. అరుగుల మీద అప్పుడే పెట్టిన లాంతర్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

లోపలికి వచ్చేసరికి రాజరాజేశ్వరి ఆ పిల్లని పట్టుకుని నిచ్చెన దిగి నేల మీద కూర్చుని ఉంది. చీకట్లో మొహాలు కనబడలేదు. ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకోవడం మాత్రం వినబడింది. ఆ పిల్ల ఒళ్ళంతా మందు. దాన్ని తడి గుడ్డతో తుడుస్తుంటే, నాన్న కొడతారా పెద్దమ్మా అని అడిగింది. నేనే చెప్పాను, కొట్టమను, నేను చూస్తాను మీ నాన్న సంగతి అని.

గణేష్‌బాబు గ్రౌండులో కొట్టు సర్దుకుంటూ ఉంటే ఎవరో చెప్పారట, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. వీధిలో మగవాళ్ళందరూ నూతిలోంచి నీళ్ళు తోడి, బకెట్లు అందించుకుంటూ, చీకట్లోనే ఆ సంచులన్నీ అటక మీదే తడిపేశారు. తడి మందు కారి రాజరాజేశ్వరి వంటింటి గోడలు నల్లబడ్డాయి, బూరెల గిన్నెలన్నీ నల్లబడ్డాయి. పోలీసులకి చెప్పాలని కొందరన్నారు. గున్నేశ్వరరావు గారు గణేష్‌బాబుని వీధి మధ్యలో నిలబెట్టి, దీపం ముందు ఏం చెప్పావురా అని అడిగారు. నేను కూడా నాకు తోచినవన్నీ అన్నాను, వాటిని ఇక్కడ రాయలేను.

అప్పుడు అతను తల ఎత్తకుండా చెప్పాడు. గ్రౌండులో రేకుల కింద చెమ్మకి సరుకు పాడవుతుందని భయపడ్డాడట. "నాన్నగారి రోజుల నుంచీ అక్కడే పెడుతున్నాం. వంటింటి మీద అయితే పొయ్యి వేడికి చెమ్మ పట్టదని," అన్నాడు.

తన సగం మీద కాదు. పాత వంటిల్లున్న సగం మీద. వదిన పొయ్యి మీద. రాజరాజేశ్వరి ఆ మాట విని చంద్రరావు వైపు చూసింది. ఆయనకీ తెలుసు, చిన్నప్పుడు తండ్రికి ఆ సంచులు అందించింది ఆయనే. వేరుపడ్డాక తమ్ముడు మానేశాడు కాబోలు అనుకున్నాడట, అనుకుని మరిచిపోయాడట. ఆవిడ కాపరానికి వచ్చినప్పటి నుంచి ప్రతి దీపావళికీ ఆ మందు కింద కూర్చుని వంట చేసింది. వీధి వీధంతా తిరిగి అందరి మంచాల కిందా వెతికించింది, సొంత నెత్తి మీద ఉన్నది తెలియలేదు. అటక ఎక్కాలంటే ఆవిడకి భయం కదా.

ఆ రాత్రికి నిద్రపోతానంది. ఇంకో ఏడాది దాకా నిద్రపోలేదు.

ఆ ఏడు మా వీధిలో ఎవరూ టపాకాయ కాల్చలేదు. తర్వాతి ఏళ్ళల్లో సరుకంతా గ్రౌండులోనే, ఇవాళ్టికీ గ్రౌండులోనే. అన్నదమ్ములు మాట్లాడుకుంటారనుకున్నాను, మాట్లాడుకోలేదు. సిగ్గు కూడా పగ లాంటిదే, నోరు మూసేస్తుంది. చంద్రరావు పెద్దిరాజుని పిలిపించి, దూలాలు కొయ్యకుండానే వాటి మధ్యలో చెక్కలు కొట్టించి అటకని కూడా రెండు చేసేద్దామన్నాడు. ఇంత జరిగాక అదే మంచిదని నేనూ అన్నాను. రాజరాజేశ్వరి నిచ్చెనకి అడ్డంగా నిలబడింది.

"ఆ గోడ పైదాకా ఉండి ఉంటే ఆ పిల్ల నాకు కనబడేది కాదు," అంది. ఎప్పటిలాగే, వంగితే గానీ వినబడనంత నెమ్మదిగా. పెద్దిరాజు తాపీ సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆవిడకి భయాల్లో ఇంకొకటి చేరింది. సాయంత్రం కరెంటు పోయిందంటే అటక కంత కింద నిలబడి, పైకి చూస్తూ, "దేవీ, కొవ్వొత్తి ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగేది. అంత నెమ్మదిగా అడిగితే అవతలికి ఏం వినబడుతుందని నేను విసుక్కునేదాన్ని. వినబడేది. మాట్లాడకూడదన్న కట్టడి ఆ ఇంట్లో ఎవరూ తియ్యలేదు కాబట్టి ఆ పిల్ల పలికేది కాదు, గోడ మీద వేళ్ళతో తట్టేది. ఆ చప్పుడు వినేదాకా ఆవిడ అక్కడి నుంచి కదిలేది కాదు. వేసవి కరెంటు కోతల్లో రోజూ ఇదే తంతు.

ఆ మరుసటి దసరా సెలవుల్లో ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే కరెంటు పోయింది. ఆవిడ లేచి కంత కింద నిలబడి అడిగింది. తట్టిన చప్పుడు రాలేదు. మళ్ళీ అడిగింది, గొంతు ఇంకాస్త దిగింది. రాలేదు. నిచ్చెన దగ్గరికి వెళ్ళి ఒక మెట్టు ఎక్కింది. చీకట్లో ఆవిడ ఊపిరి నాకు వినబడుతోంది. నేను చిక్కుళ్ళు వదిలేసి నిచ్చెన పట్టుకున్నాను.

గోడ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"పిల్ల అమ్మమ్మగారింటికి వెళ్ళింది వదినా," అన్నాడు గణేష్‌బాబు. "కొవ్వొత్తి నా దగ్గరే ఉంది. కిటికీలో పెట్టాను."